జాడీ అనుకుని పెట్టిన ఫొటో

రాత్రి పది నలభై. కరెంటు పోయి పావుగంటైంది. ఇన్వర్టరు మీద తిరిగేది ఒక్క ఫ్యానే, అది అమ్మ గదిలో ఉంది. నేను వంటింట్లో చెమటలు కారుస్తూ గట్టు మీది జాడీకి ఫొటో తీస్తున్నాను.

ఆవకాయకి ఇవాళ మూడో రోజు. పొద్దున తిరగకలిపాం. ముక్కలు ఊటలో మునిగాయి, పప్పునూనె వేలెడు మందాన పైకి తేలింది, ఇల్లంతా ఆవఘాటు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ఈసారి కాకినాడలో దొరకడమే గగనమైంది. వాసెన కట్టేసేలోపు నలుగురికీ చూపించకపోతే ప్రాణం ఊరుకోదు.

మాస్టోడాన్ తెరిచాను. ఫొటో గుర్తు నొక్కితే గ్యాలరీ చిన్న చిన్న గళ్ళుగా పరుచుకుంది. మొదటి రెండు గళ్ళలోనూ ఎరుపే. కళ్ళజోడు అమ్మ మంచం మీద మర్చిపోయాను. వేలు ఒక గడి మీద పడింది. కింద రాశాను: "ఈ ఏటి మొదటి జాడీ. ఉప్పు సరిపోయిందని అమ్మ తీర్పు." పంపేశాను. అలవాటు కొద్దీ ఆ లింకు కాపీ చేసి, తెలుగు టైపింగు మీద మోజున్న పదిహేను మందిమి ఉన్న వాట్సాప్ గ్రూపులో కూడా పడేశాను. పది నలభై ఒకటి.

జాడీ మూతికి తెల్లగుడ్డ చుట్టి పురికొస బిగిస్తుంటే ఫోను మోగింది. మేనకోడలు. జర్మనీలో ఉంటుంది, అక్కడింకా సాయంత్రం ఏడు దాటిందంతే.

"అత్తా, నాన్నమ్మ కాలు ఎందుకు పెట్టావ్?"

"ఏ కాలే?"

"ఆపరేషన్ కాలు. మాస్టోడాన్‌లో. తొడ దాకా కనబడుతోంది."

పురికొస చేతిలోంచి జారిపోయింది.

ఆ రెండో గడిలో ఉన్నది సాయంత్రం తీసిన ఫొటో. అమ్మకి మోకాలి చిప్ప మార్చి పద్నాలుగో రోజు. కుట్ల చుట్టూ ఎర్రబడిందంటే, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నారు డాక్టరుగారు. చీర పైకి జరిపి, కాలు లైటు కిందకి చాపించి తీశాను. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. "డాక్టరుకే కదా?" అని రెండుసార్లు అడిగింది. "డాక్టరుకేనమ్మా" అని రెండుసార్లూ చెప్పాను. మంచం చివర ఆస్పత్రి ఫైలు ఉంది. దాని అట్ట మీద అమ్మ పేరు, వయసు, నా ఫోన్ నంబరు. ఫొటో పెద్దది చేసుకుంటే చదవొచ్చు.

పది నలభై ఏడు. ఆరు నిమిషాలైంది.

చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, నాకు తట్టిన మొదటి ఆలోచన ఫోను ఆపేయడం. ఫోను ఆపితే ఫొటో ఆగుతుందా? రెండోది యాప్ తీసేయడం. మూడోది కాస్త తెలివైనదే అనిపించింది. ఎడిట్ చేసి ఆ ఫొటో పీకేసి జాడీ ఫొటో పెట్టేస్తే సరి, ఎవరికీ తెలీదు.

"ఎడిట్ ముట్టుకోకు!" అని అరిచింది పిల్ల. 2022లో ఎడిట్ సౌకర్యం వచ్చినప్పటి నుంచీ మాస్టోడాన్ పాత కూర్పులన్నీ దాచిపెడుతుంది. 'ఎడిట్ అయింది' అన్న మాట మీద నొక్కితే ముందు ఏముందో, ఏ ఫొటో ఉందో అన్నీ వరసగా చూపిస్తుంది. ఆ పక్కనే 'తీసేసి మళ్ళీ రాయి' అన్న ఇంకో దారి కనిపిస్తుంది. అదీ వద్దంది. అందులో పోస్టు పోతుంది కానీ, మళ్ళీ వాడుకుంటామని ఫొటోని సర్వరు పట్టుకుని కూర్చుంటుంది.

"మూడు చుక్కలు నొక్కు. డిలీట్. ఒట్టి డిలీట్."

నొక్కాను. నిజంగానేనా అని అడిగింది. అవునన్నాను.

"నా దగ్గర పోయింది," అంది రెండు సెకన్లలో. నాకు ఊపిరొచ్చింది. "ఆగు, ఇంకా అయిపోలేదు," అంది. డిలీట్ చేసే ముందే తను ఆ ఫొటో లింకు తీసి పెట్టుకుందట. పోస్టు లింకు కాదు, ఫొటోది. అంకెలూ అక్షరాలూ కలిసిన చాంతాడంత చిరునామా. దాన్ని వేరే విండోలో తెరిచింది. అటువైపు మాట లేదు.

"ఏమైందే?"

"తెరుచుకుంటోంది అత్తా."

ఇది నాలాంటివాళ్ళు ఊహించని సంగతి. పోస్టు వేరు, ఫొటో ఫైలు వేరు. పోస్టు అంటే ఫలానా ఫొటో చూపించు అని రాసిన చీటీ లాంటిది. చీటీ చింపినా వస్తువు అలమరలోనే ఉంటుంది. మనిషి మనసు మార్చుకుని మళ్ళీ రాస్తాడేమోనని, పోస్టు తీసేశాక కూడా ఫొటోని సుమారు 24 గంటలు అట్టే పెట్టే వీలు మాస్టోడాన్‌లో ఉంది. ఏ యాప్ నుంచి తీశామన్న దాన్ని బట్టి వెంటనే పోవచ్చు, మర్నాటికి పోవచ్చు. ఆ చిరునామా ఎవరూ ఊహించి కొట్టగలిగేది కాదు. కానీ ఆరు నిమిషాల్లో దాన్ని తెరిచినవాళ్ళ దగ్గర అది ఉంటుంది. ఒక్కటే మంచి జరిగింది. ఫోను ఫొటోలోపల రాసుకునే ఊరి గుర్తుల్ని మాస్టోడాన్ ఎక్కించుకునేటప్పుడే తుడిచేస్తుంది. మా ఇల్లెక్కడో ఆ ఫైలు చెప్పదు. ఆస్పత్రి అట్ట మీది ఫోన్ నంబరు సంగతి వేరే.

"ఇప్పుడు అడ్మిన్‌కి రాద్దాం," అంది.

మాస్టోడాన్ తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. ఆయిగెన్ రోచ్కో అనే ప్రోగ్రామరు 2016లో జర్మనీ నుంచి విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. ఎవరైనా తమ కంప్యూటరు మీద నడుపుకోవచ్చు. అలా వేల సర్వర్లు ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మాట్లాడుకునే పద్ధతి పేరు యాక్టివిటీపబ్, 2018 జనవరిలో డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఖాయం చేసింది. అన్నిటికీ కలిపి ఒక యజమాని లేడు. నా ఖాతా ఉన్న సర్వరు నడిపేది ఒకే ఒక్క మనిషి. పగలు ఉద్యోగం, రాత్రి సర్వరు, ఖర్చుకి చందాలు. ఒక పెద్ద కంపెనీకి నా సంగతంతా ధారపోయడం ఇష్టంలేకే నాలుగేళ్ళ కిందట ఇక్కడికొచ్చాను. ఈ రాత్రి మాత్రం ఎక్కడో ఒక కస్టమర్ కేర్ నంబరు ఉంటే బావుండుననిపించింది.

సర్వరు 'గురించి' పేజీలో ఆయన ఈమెయిల్ ఉంది. ఉత్తరం పిల్ల చెప్తుంటే నేను కొడుతున్నాను. నా ఖాతా పేరు. పోస్టు పెట్టిన టైము, తీసేసిన టైము. ఫొటో ఫైలు చిరునామా. అది ఒక రోగి ఒంటి ఫొటో అని, ఆమె అనుమతి లేదని, పొరపాటున పడిందని. పెద్ద సైజూ చిన్న సైజూ రెండూ తీసెయ్యమని. సర్వరు ముందు నకళ్ళు దాచే కాష్ ఏదైనా పెట్టుకుని ఉంటే అక్కడ కూడా తుడవమని. గుర్తుగా ఉంటుందని స్క్రీన్‌షాట్ జత చేయబోయాను.

"అత్తా! మళ్ళీ అదే ఫొటో పంపుతావా?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కంగారులో మనిషి అడుసులోనే కాలు కడుగుతాడు.

యూరప్ వాళ్ళ జీడీపీఆర్ చట్టంలో 17వ అధికరణం ఉంది, మన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు దాంట్లోదే. దాన్ని మొదటి వాక్యంలోనే పెడదామన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. ఊరికే సేవ చేసేవాడి తలుపు అర్ధరాత్రి తడుతూ చట్టం చదవకూడదంది. చివర్లో సగం వాక్యంగా పెట్టాం. తనే రైటని ఆ రాత్రే తేలింది.

ఉత్తరం వెళ్ళింది. కరెంటు వచ్చింది. ఫ్రిజ్జు ఒక్కసారి గుర్రుమంది. ఎవరైనా దాన్ని బూస్ట్ చేశారా, అంటే తమవాళ్ళకి పంచారా అని, ఫోను మీదికి అప్పటికే వచ్చిన నోటిఫికేషన్లు చూశాను. ఒక్కరూ చేయలేదు. నా రాతని ఎవరూ పట్టించుకోనందుకు నాలుగేళ్ళలో మొదటిసారి సంతోషించాను.

"పొరపాటున ఒక ఫొటో పడింది, దయచేసి చూడకండి అని ఒక పోస్టు పెట్టనా?"

"అంతకన్నా ఆహ్వానం ఏముంటుంది?" అంది.

ఆ మాటతోనే నాకు శుభలేఖలు గుర్తొచ్చాయి. నా ఫాలోవర్లు 143 మంది, ముప్పై ఒక్క సర్వర్లలో ఉన్నారు. నేను పోస్టు పెట్టిన క్షణాన మా సర్వరు ఆ ముప్పై ఒక్క ఇళ్ళకీ శుభలేఖ వేసింది. అందుకున్న ఇళ్ళు మామూలుగా ఫొటో నకలు తీసి తమ పెట్టెలో పెట్టుకుంటాయి, తమ మనుషులకి త్వరగా చూపించడానికి. నేను డిలీట్ నొక్కితే అదే ముప్పై ఒక్క ఇళ్ళకీ పెళ్ళి ఆగిపోయిందని రెండో ఉత్తరం వెళ్ళింది. ఆ ఉత్తరంలో పోస్టు ఉండాల్సిన చోట యాక్టివిటీపబ్ వాడే మాట 'టూంబ్‌స్టోన్'. సమాధిరాయి. ఫలానాది ఇక్కడ ఉండేది, ఇప్పుడు లేదు అని. బుద్ధిగా నడిచే సర్వరు దాన్ని చదివి తన నకలు చించేస్తుంది. ఆ క్షణాన పడుకుని ఉన్న సర్వరుకి మా సర్వరు మళ్ళీ మళ్ళీ తలుపు కొడుతుంది. ఎవరైనా సాఫ్ట్‌వేర్ మార్చుకుని ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేస్తే చేసేదేమీ లేదు. మన డిలీట్ మన సర్వరు వరకే ఆజ్ఞ. గడప దాటితే విన్నపం.

మరి శుభలేఖ వేయని ఇంటికి కబురు చేరి ఉంటే? రెండో ఉత్తరం ఆ ఇంటికి పోదు కదా.

పదకొండు ఇరవైకి అదే జరిగిందని తెలిసింది. వాట్సాప్ గ్రూపులో ఉన్న మాస్టారొకరు, రిటైరైన తెలుగు లెక్చరరు, నాకు విడిగా మెసేజ్ పెట్టారు. "అమ్మా, మీరు జాడీ అన్నారు గాని మా దగ్గర వేరే ఫొటో కనిపిస్తోంది. పొరపాటేమో చూసుకోండి."

మా దగ్గర అంటే? ఆయన ఖాతా ఇంకో సర్వరులో ఉంది. నన్ను అక్కడ ఫాలో అయ్యేవాళ్ళు ఎవరూ లేరు, ఆయన కూడా కాదు. గ్రూపులో నేను పడేసిన లింకు తీసుకుని తన సర్వరు వెతుకు పెట్టెలో అతికించారు. ఆ సర్వరు బుద్ధిగా మా సర్వరు దగ్గరకొచ్చి పోస్టూ ఫొటోనూ తీసుకెళ్ళి తన పెట్టెలో పెట్టుకుంది. మా సర్వరు లెక్కలో ఆ ఇల్లు లేదు. ముప్పై రెండో ఇల్లు. నేను చేతులారా చూపించిన దారి.

ఫోన్ చేశాను. ఆ వేళప్పుడు ఆయన్ని లేపడానికి మొహమాటపడే స్థితి కాదు.

"మాస్టారూ, అది మా అమ్మది."

అటువైపు కాసేపు నిశ్శబ్దం. "నేను సరిగా చూడలేదమ్మా," అన్నారు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు, ఆ అబద్ధానికి ఆయనకి దణ్ణం పెట్టాలి. "ఏం చేయమంటారు?"

పిల్ల చెప్పినట్టే చెప్పాను. ఆ పోస్టు మీద మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయమన్నాను. ఫిర్యాదు ముందుగా ఆయన సర్వరు నడిపేవాళ్ళకే చేరుతుంది, వాళ్ళు తమ నకలు తీసేయగలరు. ఎందుకు అన్నచోట ఒక వాక్యం రాయమన్నాను. ఆయన గుణింతాలతో సహా చదివి వినిపించి మరీ పంపారు. గ్రూపులో నా మెసేజ్ అందరికీ పోయేలా తీసేశాను. దాని కింద ఎవరో అప్పటికే రెండు చేతులెత్తి దణ్ణం పెట్టారు. జాడీకా, కాలికా? తెలీదు.

పన్నెండున్నరకి మా అడ్మిన్ జవాబిచ్చాడు. నాలుగు వాక్యాలు. రెండు సైజులూ తీసేశాను. కాష్ కూడా తుడిచాను. బ్యాకప్‌లో మరికొన్ని వారాలు ఉంటుంది, అక్కడికి నేను తప్ప ఎవరూ వెళ్ళలేరు. మీ అమ్మగారు త్వరగా నడవాలి. పిల్ల ఫొటో లింకు మళ్ళీ తెరిచింది. ఈసారి తెరుచుకోలేదు.

ఫోను పెట్టేసే ముందు నేనడిగాను, ఇదే ఇలాంటి ఇంకో వేదిక మీద జరిగి ఉంటే ఏమయ్యేదని. నా అదృష్టం కాస్త మంచిదేనట. లెమ్మీలో అయితే కొన్నాళ్ళు ఇంకో చిక్కు ఉండేది. ఫొటో ఎంచుకోగానే సర్వరుకి ఎక్కేసేది, పోస్టు నొక్కకుండా వెనక్కి వచ్చేసినా అక్కడే మిగిలేది, దాన్ని తీసే దారి మనిషికి కనపడేది కాదు. మనం ఎక్కించిన ఫొటోలన్నీ చూసుకుని తీసుకునే పేజీ 2024లో వచ్చింది. బ్లూస్కైలో పోస్టులు అందరూ వినగలిగే ఒక ప్రవాహంలోంచి పోతాయి. తీసేశామన్న కబురూ అందులోంచే పోతుంది, కానీ గట్టున కూర్చుని బిందె నింపుకున్నవాడి దగ్గర నీళ్ళు వెనక్కి తీసుకోలేం. నోస్టర్‌లో డిలీట్ అన్నదాన్ని పద్ధతి రాసినవాళ్ళే తొలగింపు 'విన్నపం' అన్నారు, కనీసం నిజాయితీ ఉంది. ఫైళ్ళు పంచుకునే ఐపీఎఫ్ఎస్‌లో ఫైలు పోలికలనుంచే దాని చిరునామా పుడుతుంది. ఎక్కడో ఒకడు దాన్ని అట్టిపెట్టుకుంటే చాలు, అదే చిరునామాలో బతికే ఉంటుంది.

ఎవరైనా ఫొటోని పట్టుకుని బెదిరిస్తే వేరే సంగతి, అప్పుడు సైబర్ క్రైమ్ పోర్టల్, 1930 నంబరు, పోలీసులు. అనుమతి లేకుండా తిరిగే ఆంతరంగిక ఫొటోల కోసం స్టాప్ఎన్‌సీఐఐ అని ఒక సేవ ఉంది. ఫొటో మన ఫోను దాటకుండానే దాని వేలిముద్ర లాంటి సంకేతాన్ని కంపెనీలకి పంపుతుంది. అయితే అందులో చేరిన కంపెనీల దగ్గరే అది పనిచేస్తుంది. మాస్టారి సర్వరు నడిపే మనిషి రిపోర్టు తెరిచి చూస్తే చాలు, నాకు అదే పదివేలు.

తెల్లవారింది. అమ్మకి కాఫీ ఇచ్చి మంచం పక్కన కూర్చున్నాను. చెప్పకపోతే ఆవిడకి ఈ జన్మలో తెలీదు. రాత్రంతా ఆ దారి నన్ను పిలుస్తూనే ఉంది. కానీ కాలు ఆవిడది.

చెప్పాను.

"ఎంతమంది చూశారు?"

"తెలీదమ్మా. ఆరు నిమిషాలుంది."

"మొహం?"

"లేదు. గోడవైపు తిప్పుకున్నావు కదా."

"ఏ చీర?"

"నీలం గళ్ళది."

"సరిపోయింది. ఆ చీర ఈ వీధిలో ఎవరికి తెలీదు!" అని కాఫీ ఊదుకుంది. నవ్వుతుందనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, కాలి మీద దుప్పటి సర్దుకుని, "డాక్టరుకే అన్నావు," అంది. గట్టిగా కూడా అనలేదు.

తర్వాతి రోజుల్లో పెద్ద విశేషాలు లేవు. అమ్మ కుట్లు ఆరాయి. కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళొస్తోంది. గ్యాలరీలో ఆస్పత్రి ఫొటోలకి తాళం వేసిన ఫోల్డరు పెట్టుకున్నాను, డాక్టరుకి పంపగానే తీసేస్తున్నాను. తీసేశాక ఫోను చెత్తబుట్ట కూడా ఖాళీ చేయాలి. లేకపోతే అక్కడ ఇంకో ముప్పై రోజులు ఉంటుంది. మాస్టారి సర్వరు నుంచి జవాబు రాలేదు. నేను రెండు ఉత్తరాలు రాశాను, మాస్టారు ఇంకోసారి రిపోర్ట్ చేశారు. నడిపే మనిషి ఊళ్ళో ఉన్నాడో లేడో.

పద్దెనిమిదో రోజున మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, ఫొటో పోయింది. పోస్టు మాత్రం ఉంది. చూస్తారా?" చూస్తానన్నాను. పిల్లకి పంపితే సంగతి చెప్పింది. వేరే సర్వర్ల నుంచి తెచ్చుకున్న ఫొటోలను ఆ నడిపేవాడు పెట్టుకున్న గడువు దాటగానే సర్వరు దానంతటదే ఊడ్చేస్తుంది. ఎవరైనా మళ్ళీ చూడబోతే అసలు చోటికి వెళ్ళి తెచ్చుకుంటుంది. అసలు చోట ఇప్పుడు ఏమీ లేదు. అందుకే రాలేదు. వచ్చిందల్లా పోస్టుతోపాటు మొదటిరోజే వెళ్ళిన నలభై లోపు అక్షరాల గుర్తు. ఫొటో దిగేలోపు ఖాళీ కనపడకుండా దాని రంగులతో ఒక మసక పరవడానికి వాడతారు.

మాస్టారు పంపిన స్క్రీన్‌షాట్ నా ముందుంది. పైన నా వాక్యం, ఈ ఏటి మొదటి జాడీ, ఉప్పు సరిపోయిందని అమ్మ తీర్పు. కింద ఫొటో ఉండాల్సిన చోట మసక. మధ్యలో ఎరుపు, చుట్టూ గోధుమ రంగు. పై మూలన కొంచెం నీలం. అది అమ్మ చీర.